ముప్పై తొమ్మిది డిగ్రీలు

టైలరు బాబాయి కుట్టుమిషను పక్కన గోడకు ఒక రంగుల బొమ్మ అతికించి ఉంటుంది. అతని తొడలోని క్యాన్సర్ గడ్డ ఎర్రగా, చుట్టూ కండ నీలంగా. అన్న పోయాక తాను పెంచిన అన్నకూతురు దాన్ని కంప్యూటర్లో లెక్కకట్టి తీసిందని వచ్చిన ప్రతి గిరాకీకీ చూపిస్తాడు. గడ్డలోకి కంటికి ఆనని ఇనుప రేణువులు ఎక్కించి, బయట తీగచుట్టలో కరెంటును అటూ ఇటూ తిప్పితే రేణువులు వేడెక్కుతాయి. నలభై మూడు డిగ్రీలకు గడ్డ చస్తుంది, కాలు దక్కుతుంది. ఆ బొమ్మను నమ్మే మూడు నెలల కిందట ఆపరేషన్ వద్దన్నాడు. అప్పుడైతే కాస్త కండతో పోయేది. ఇప్పుడు గడ్డ ఎముకను పట్టింది. కోస్తే కాలు తుంటి నుంచే.

ఇవాళ పొద్దున ల్యాబులో పాత ఫైలు తెరిచిన అన్నకూతురు కొయ్యబారిపోయింది. రక్తప్రవాహం అన్న గడిలో సున్నా ఉంది. మొదట్లో జెల్లీ ముద్ద మీద చేసిన ప్రయోగంతో లెక్క సరిచూడటానికి తానే పెట్టింది. జెల్లీలో రక్తం ఉండదు మరి. తర్వాత తొడ ఆకారం ఎక్కించింది, గడ్డను తెచ్చి పెట్టింది, సున్నాను మాత్రం మరిచింది. పారే రక్తం వేడిని మోసుకుపోతుందని కొత్తవాళ్లకు పాఠం చెప్పే మహాతల్లి! ఇన్నాళ్లూ శవానికి వైద్యం చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

అంకె మార్చి మళ్లీ నడిపింది. ఎరుపు వెలిసిపోయింది. కరెంటు పెంచి చూస్తే గడ్డకన్నా ముందు మంచి కండ కాలుతోంది.

"ఇప్పుడెందుకమ్మా కెలకడం?" అన్నాడు ప్రొఫెసరు. "ఎల్లుండి మొదటి రోగికి చేసేది చూడ్డానికి నిధులిచ్చే కమిటీ వాళ్లొస్తున్నారు. వెళ్లాక చూద్దాం."

"సార్, ఎల్లుండి బల్ల ఎక్కేది మా బాబాయి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎంతకీ తుడవడం కాలేదు.

ఆమె తిన్నగా కొట్టుకు వెళ్లి గోడ మీది బొమ్మ పీకేసింది.

"ఏంటే? ఇంకా మంచిది తెచ్చావా?" అన్నాడు బాబాయి, మిషను తొక్కుతూనే.

"తప్పు చేశాను బాబాయ్. ఒంట్లో రక్తం పారుతుందన్న సంగతే మరిచాను. నలభై మూడు రాదు."

"మరెంతొస్తుంది?"

"ముప్పై తొమ్మిది."

బాబాయి కాలు ఆగింది. కాసేపు తొడ నిమురుకున్నాడు.

"అది జ్వరం కదే," అన్నాడు. "జ్వరం కోసమా నేను మూడు నెలలు ఆగాను?"