శనివారం మూడుసార్లు ఆగిన బొమ్మ

మొదటిసారి అది సోమవారం సాయంత్రం ఆరూ ఇరవైకి జరిగింది.

వార్తలు చదువుతున్న అమ్మాయి నోరు తెరిచింది. మూయలేదు. ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయి, తెర మీద అలాగే బిగుసుకుపోయింది.

రామ్మోహన్ సోఫాలోంచి ఒక్క గెంతున లేచాడు. టీవీ వెనక దూరి వైర్లు కదిపాడు. కాసేపటికి బొమ్మ కదిలింది.

"ఎలాగూ లేచారుగా, ప్లేట్లు పెట్టండి," అంది వంటింట్లోంచి భార్య వసుంధర.

ఇంకొకరి ఇంట్లో అయితే ఇది చిన్న విషయమే. కానీ రామ్మోహన్ మాసన్ లేక్స్ యూనివర్సిటీలో సిగ్నల్స్ పాఠం చెప్పే ప్రొఫెసర్. ఏప్రిల్ రెండున అడిలైడ్ అంతటా పాత అనలాగ్ ప్రసారాలు ఆగిపోతున్నాయి. ఆలోపు ఇంటింటా డిజిటల్ పెట్టె బిగించుకోవాలి. వీధిలో అందరూ యాంటెన్నా మనిషిని పిలిపించుకున్నారు. రామ్మోహన్ మాత్రం, "నా ఇంటికి యాంటెన్నా మనిషా? అతనికే పాఠం చెప్పేవాణ్ణి నేను!" అని నలుగురిలో ప్రకటించి, ఆదివారం తనే పెట్టె బిగించాడు.

మంగళవారం బొమ్మ మళ్ళీ ఆగింది. బుధవారం కూడా.

వసుంధర డాక్టరు. రోగికి చెప్పినట్టే మెల్లగా, ఇంకో మాటకి తావివ్వకుండా చెప్పింది. "ఆదివారం దాకా టైమిస్తున్నా. అప్పటికీ కుదరకపోతే సోమవారం పొద్దున్న యాంటెన్నా మనిషి వ్యాన్ వస్తుంది. బుక్ చేసేశాను."

రామ్మోహన్ కళ్ళ ముందు ఆ వ్యాన్ కదిలింది. నెత్తిన నిచ్చెన. పక్కన మూరెడు అక్షరాలు. ఎదురింట్లో అద్దెకున్నది ఆయన స్టూడెంట్లే. మధ్యాహ్నానికల్లా క్లాసు క్లాసంతా తెలిసిపోతుంది.

వ్యాన్ రాకూడదు.

దర్యాప్తు మొదలైంది. మొదటి అనుమానితులు, దగ్గర్లోని చిన్న ఎయిర్‌పోర్టు నుంచి ఎగిరే శిక్షణ విమానాలు. గురువారం బైనాక్యులర్స్‌తో పెరట్లో కాపు కాశాడు. ఆకాశంలో కాకి కూడా లేదు. లోపల బొమ్మ ఆగింది. రెండో అనుమానం పక్కింటివాళ్ళ రిమోట్ గరాజ్ తలుపు మీద. శుక్రవారం పక్కింటివాళ్ళు ఊళ్ళోనే లేరు. బొమ్మ ఆగింది.

శనివారం ఏకంగా మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ రామ్మోహన్ గెంతాడు. "ఎలాగూ లేచారుగా, కొత్తిమీర కోసుకురండి." "ఎలాగూ లేచారుగా, మంచినీళ్ళు పెట్టండి." "ఎలాగూ లేచారుగా, చెత్త బయట పడెయ్యండి."

ఆదివారం సాయంత్రం అయిదున్నర. డైనింగ్ టేబుల్ మీద నిమిషాలతో సహా వేసిన పట్టిక. దాని ముందు తల పట్టుకున్న ప్రొఫెసర్. పదకొండో క్లాసు చదువుతున్న కూతురు అపూర్వ ఆయన భుజం మీంచి తొంగి చూసింది.

"డాడ్, వై త్రీ ఆన్ సాటర్‌డే?"

"అది తెలిస్తే ఈ గొడవెందుకమ్మా?"

"ఓకే. సాటర్‌డే మనం ఏం తింటాం?"

రామ్మోహన్ తల మీంచి చేతులు తీశాడు.

మిగతా రోజుల్లో రాత్రి అన్నంలోకి రోజుకో పచ్చడి. శనివారం ఆ ఇంట్లో రాత్రి అన్నం ఉండదు. ఫలహారమే. ఇడ్లీ. అందులోకి కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి, టమాటా పచ్చడి.

మూడు.

ఆయన వంటింటి గుమ్మంలోకి చేరేసరికి వసుంధర మిక్సీ మీద జార్ బిగిస్తోంది. మిక్సీ వెనక గోడ వెంట సన్నటి వైరు. యాంటెన్నా నుంచి టీవీకి, ఇరవై ఏళ్ళ కిందట తనే స్వయంగా లాగిన పాత వైరు! అనలాగ్ రోజుల్లో మిక్సీ తిరిగితే బొమ్మ మీద తెల్ల చుక్కలు పడేవి, పిల్లలకి కూడా తెలిసేది. డిజిటల్‌లో చుక్కలుండవు. బొమ్మే ఆగిపోతుంది. ఈ సంగతి మీద ఆయన ఏటా రెండు గంటల లెక్చర్ ఇస్తాడు. మిక్సీ మోతకి మాత్రం ఆయన చెవులు ఎప్పుడో మూసుకుపోయాయి, భార్య పిలుపుకి మూసుకుపోయినట్టే.

"వసూ, నీకు తెలుసా?"

"సోమవారమే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"ఇరవై రెండేళ్ళలో ఒక్క పిలుపుకి లేచారా మీరు? ఈ వారం రోజూ లేచారు. చెడగొట్టుకుంటానా?"

"సరే, వ్యాన్ వద్దని చెప్పు. రేపు మిక్సీ దెబ్బ సోకని మందపాటి కేబుల్ తెచ్చి మార్చేస్తా."

"మార్చండి. ఉగాది ఫంక్షన్‌కి మీ స్టూడెంట్లంతా వస్తారుగా? కేబుల్ మారితే, ప్రొఫెసర్ గారి సిగ్నల్ జబ్బుని ఎవరు, ఏ పచ్చడితో పట్టుకున్నారో మైకులో చెప్తా."

"ప్లీజ్ మమ్, ఐ వాంట్ ది మైక్," అంది అపూర్వ.

రామ్మోహన్ భార్య వంక చూశాడు. మిక్సీ వంక చూశాడు. కిటికీలోంచి ఎదురింటి వంక చూశాడు.

సోమవారం వ్యాన్ రాలేదు. మందపాటి కేబుల్ మాత్రం వచ్చింది. ప్యాకింగ్ విప్పకుండానే అలమారలోకి వెళ్ళింది. ఏప్రిల్ రెండున పాత ప్రసారాలు ఆగిపోయాయి. "మా ఇంట్లో డిజిటల్ బ్రహ్మాండంగా ఉందయ్యా," అని రామ్మోహన్ ఎదురింటి కుర్రాళ్ళకి చెప్పి లోపలికొచ్చాడు.

ఆ సాయంత్రం ఆరూ ఇరవైకి వార్తలమ్మాయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

రామ్మోహన్ టీవీ వెనక దూరలేదు. ప్లేట్లు తీశాడు.