గుమ్మం పక్క పల్లం

కావడి దించి, రెండు తట్టల మట్టీ గుమ్మం ముందు కుమ్మరించి, కార్సిదీ నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. పొట్టి మనిషి, వెడల్పు పాదాలు. కావడి మోసీ మోసీ కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. అంగీ వేసుకున్నా అది దాగదు.

సెమరాంగ్ పట్నంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మా పేటలో నేల ఏటా కాస్త కుంగుతుంది. మేమూ ఏటా కాస్త మెరక వేసుకుంటాం. పేటలో కార్సిదీ మట్టి పోయని వాకిలి లేదు. అతని సొంత వాకిట్లో మాత్రం గుమ్మానికి కుడిపక్కన చాపంత పల్లం. చుట్టూ మెరక లేచినకొద్దీ అది లోతయింది.

ఎందుకో అందరికీ తెలుసు. అక్కడ మట్టికుండలో, కాన్పులో వాళ్ల బిడ్డతో పాటు పడిన మావిని పాతిపెట్టారు. మావి అంటే మాకు బిడ్డకు తోబుట్టువే. ఆ బిడ్డ పాకడం రాకముందే జ్వరంతో పోయాడు. తోబుట్టువు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడని కార్సిదీ భార్య తుమినీ నమ్మకం. మట్టి గట్టిపడేలా కొట్టే దిమ్మిసను వాడి నెత్తిన పడనిచ్చేది కాదు. మళ్లీ పిల్లలు పుట్టలేదు. అయినా ఆలుమగలు ఇప్పటికీ 'పాక్నే', 'బునే' అనే పిలుచుకుంటారు. బిడ్డ నాన్న, బిడ్డ అమ్మ అని.

కిందటి వానల్లో ఆ పల్లంలో నీళ్లు నిలిచి ఇంట్లోకి వచ్చాయి. తుమినీ జారిపడి, తుంటి నొప్పితో చాలాకాలం మంచం దిగలేదు. ఇంకోసారి పడితే మళ్లీ లేవదని కార్సిదీకి భయం. బతిమాలగా బతిమాలగా పల్లం పూడ్చడానికి ఇప్పటికి ఒప్పుకుంది. దిమ్మిస మాత్రం కొట్టకూడదంది.

పొద్దున్నే అతను ముందు చూరు సంగతి చూశాడు. చూరునీళ్లన్నీ ఆ చోటే పడి మట్టిని తొలుచుకుపోతున్నాయి. వెదురు చీల్చి దోనె కట్టి నీటి దారి వీధి కాలువకు మళ్లించాడు. తర్వాత బురదంతా ఎత్తిపోశాడు. గట్టినేల తగలబోతుండగా పార పక్కన పెట్టి చేతులతో తడిమాడు. వేళ్లకు కుండ అంచు తగిలింది.

"ఉన్నాడా?" అంది తుమినీ గుమ్మంలోంచి.

"ఉన్నాడు."

"ఎలా ఉన్నాడు?"

"అచ్చం నీలాగే. కదలమంటే కదలడు."

తుమినీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బెత్తెడు మందాన మట్టి పరచడం, నీళ్లు చిలకరించడం, తొక్కడం. పక్కింటి జుమియాతి దడి మీంచి తొంగిచూసింది.

"ఏం కార్సిదీ, ఊరందరికీ దిమ్మిస, మీ ఇంటికి చిందులా?"

"కూలి లేని పని కదమ్మా, కాళ్లతోనే కానిచ్చేస్తున్నా."

చివరి పొర తొక్కి మడమతో నొక్కి చూశాడు. మడమ దిగింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా దిగింది. ఎన్నో వాకిళ్లు చేసిన చేతికి ఇక్కడ మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు.

"చాలదు కదూ?" అంది తుమినీ.

"చాలదు బునే. నీకు అబద్ధం చెప్పను. రెండు వానలకి దిగిపోద్ది."

ఆమె గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, చాలాసేపటికి వచ్చింది. చేతిలో వెలిసిన బాతిక్ గుడ్డ. అప్పట్లో బిడ్డను చంకకు కట్టుకున్నది.

"ఇది కట్టి కొట్టు. మెల్లిగా, పాక్నే. నిద్రపోతున్నాడనుకో."

కార్సిదీ కొయ్య దిమ్మిస అడుగున ఆ గుడ్డను మడతలు పెట్టి చుట్టి, జనపనార తాడుతో బిగించాడు. వేసిన మట్టంతా మళ్లీ తోడి, పొర పొరకూ కొట్టుకుంటూ వచ్చాడు. గుడ్డ కట్టిన దిమ్మిస చప్పుడు బిడ్డను జోకొట్టినట్టే ఉంది. తుమినీ గుమ్మంలో కూర్చుని వింటూ ఉండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఆమె మనసు తేలికపడింది.

పని అయ్యాక చెయ్యి పట్టుకుని ఆమెను దాని మీద నడిపించాడు. కాలు దిగలేదు. "పని నేర్చినట్టే ఉన్నావు," అంది. అతను తీపి టీ తాగి, వేయించిన తెంపె సోయా ముక్కలు తిని, ఎడమ చెయ్యి లాగుతోందని వెదురు బల్ల మీద ఒరిగాడు. సాయంత్రం నమాజు పిలుపు వినిపించి తుమినీ లేపబోయింది. అతను లేవలేదు. మొహం మాత్రం కడుపునిండా తిని పడుకున్నవాడిలా ఉంది. ఆమె ఏడుస్తూనే నీళ్లు తెచ్చి, ఆ పాదాలకంటిన మట్టి కడిగింది.

రాత్రి పెద్ద వాన. పొద్దున పేటంతా వచ్చింది. వీధంతా బురదైతే, జనం గుమ్మానికి కుడిపక్కన ఆరిన చోట నిలబడ్డారు. పాడె మోసేవాళ్లు దాని మీంచే వెళ్లారు. తుమినీ వాళ్ల కాళ్లకేసే చూసింది. ఒక్కరి కాలూ దిగలేదు.

అందరూ వెళ్లాక జుమియాతి ఆ గుడ్డ విప్పి ఉతికి ఇస్తానంది.

"ఉండనీ," అంది తుమినీ. "వాడి బరువూ, వాళ్ల నాన్న చేతి బరువూ మోసింది."

దిమ్మిస గోడకు ఆనుకుని అలాగే ఉంది, మట్టి అంటిన బిడ్డ గుడ్డ చుట్టుకుని.