జానెడు ఖాళీ

వడ్రంగి ఈ లోకంలో నమ్మేది ఒక్క కొలతనే. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, చెవి మీద పెన్సిలు ముక్క దోపుకుని, నిన్నటి రంపపు పొట్టు ఒక మూలకి నెట్టి, బల్ల మీద చెక్క పెట్టేవాడు. "మాట మారుతుంది, మనసు మారుతుంది, అంగుళం మారదు," అనేవాడు. తలుపు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు తల ఊపేవాళ్ళు. తలుపు బాగా కుదరాలంటే తల ఊపాల్సిందే మరి.

ఆ నెల మాత్రం చిత్రిక పట్టడం మొదలుపెడితే చాలు, పెరట్లోంచి ఏడుపు లేచేది. ఏడ్చేది దొరగారు. దొరగారంటే కుక్క. దూడంత కుక్క. దాంతో కలిసి పెరిగిన ఆడకుక్క ముసలిదై చచ్చిపోయింది. అప్పట్నుంచీ ఇది మోర పైకెత్తి ఒకటే రాగం.

"దానికి తోడు కావాలన్నయ్యా," అంది చెల్లెలు, బల్ల కింద పొట్టు ఎత్తుతూ.

బల్ల కింద ఆమె వంగక్కర్లేదు. మొగుడు పుట్టింటికి పంపేసినప్పుడు జానెడు తగ్గింది. పెద్దన్నయ్య నాలుగు నెలలు ఉంచుకుని దిగబెట్టినప్పుడు మూరెడు తగ్గింది. పిన్ని కూడా పంపేశాక బల్ల కాలి ఎత్తుకి వచ్చింది. తీసుకెళ్ళి తిరిగిచ్చేస్తే ఎవరైనా తగ్గుతారు, పచ్చి చెక్క ఎండితే తగ్గదూ? అందులో వింతేముంది? ఆమె వచ్చిన ప్రతిసారీ వడ్రంగి ఆమె మంచం కోసి పొట్టిది చేశాడు. మిగిలిన చెక్కతో రెండు పీటలూ ఒక అద్దం చట్రమూ వచ్చాయి. "నీ పుణ్యాన చెక్క కలిసొస్తోందే," అనేవాడు. ఆ అనడంలో వెటకారం లేదు, నిజంగానే సంతోషం.

"తోడు సంగతి నువ్వు చెప్పాలా నాకు?" అని టేపు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. రెండు కుక్కలకని తను చేసిన గూడు అది. దొరగారు ఒళ్ళు చేసి అడ్డంగా పరుచుకున్నాక మిగిలిన ఖాళీ జానెడు, పైన నాలుగు వేళ్ళు. పెన్సిలుతో గూటి మీద రాసుకున్నాడు.

వదిలేసిన కుక్కల్ని సాకే షెడ్డు ఊరి చివర ఉంది. దాన్ని చూసుకునే పెద్దావిడ దుమ్ము పట్టిన పుస్తకం తెరిచి అడిగింది. "ఎట్లాంటి కుక్క కావాలి నాయనా?"

"జానెడు నాలుగు వేళ్ళది."

"కొలత కాదయ్యా, గుణం చెప్పు. మీ ఇంట్లోది తినేటప్పుడు గుర్రుమంటుందా? పడక పంచుకుంటుందా? ఆటకి పిలుస్తుందా, మీద పడుతుందా?"

"మీరు కుక్కనిస్తున్నారా, పిల్లనిస్తున్నారా?"

"పిల్లనిచ్చేటప్పుడు ఇన్ని అడిగి ఉంటే సగం కొంపలు నిలబడేవి," అంది పెద్దావిడ.

వెంట వచ్చిన చెల్లెలు కిసుక్కున నవ్వింది. వడ్రంగి ఆమె వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ముందు మీ దాన్ని ఇక్కడికి తీసుకురా," అంది పెద్దావిడ. "దానిదీ దీనిదీ కాని వీధిలో పక్కపక్కన నడిపిద్దాం, ఒక వారం. ఎదురెదురుగా నిలబెట్టకూడదు. తిండి వేరు, పడక వేరు. ఒకటి రెండోదానికి వీపు తిప్పి పడుకుందనుకో, కుదిరినట్టే. నమ్మకం లేనిచోట ఏ ప్రాణీ వీపు చూపించదు."

"వారం రోజులు నడుస్తూ కూర్చుంటే తలుపులు ఎవడు బిగిస్తాడమ్మా?"

టేపు పట్టుకుని వరసగా కొలుచుకుంటూ పోయి ఒక గోధుమరంగు కుక్క దగ్గర ఆగాడు. దాన్ని అక్కడ పిసరు అని పిలుస్తారు.

"అది మూడిళ్ళు తిరిగొచ్చింది. మొదట్లో నా నడుమంత ఉండేది. నాలుగోసారి కూడా తెచ్చావంటే ఏం మిగులుతుందో చెప్పలేను."

"తేను. కొలత సరిపోయింది," అన్నాడు.

దారి పొడవునా చెల్లెలే దాన్ని ఎత్తుకుంది. ఆమె చేతులకి అది పెద్ద బరువే అయినా దింపలేదు.

ఇంటికి రాగానే వడ్రంగి దాన్ని తిన్నగా గూట్లో దొరగారి పక్కన దూర్చాడు. తిండి గిన్నె మధ్యలో పెట్టాడు. మేకు దిగినట్టు సరిపోయింది.

"పెద్దావిడ వద్దంది కదన్నయ్యా. వారం రోజులు నా మంచం కింద ఉంచుకుంటా."

"నీ మంచం కింద ఖాళీ ఎక్కడిదే? చేసినవాణ్ణి నాకు తెలీదా?"

దొరగారిది చెడ్డ బుద్ధేం కాదు. కానీ దానికీ గిన్నెకీ మధ్య ఒక కొత్త ప్రాణిని మేకులా దిగ్గొడితే ఎవరైనా ఏం చేస్తారు? గూడు గడగడలాడింది. చెల్లెలు చెయ్యిపెట్టి లాగేసరికే పిసరు చెవి రెండుగా చీలింది. మూడోనాటికి దొరగారు గూట్లోంచీ పిసరు గూటి మీంచీ, చెరో రాగం.

"ఒక ఏడుపు పోతుందనుకుంటే రెండయ్యాయి," అంది వడ్రంగి పెళ్ళాం గుమ్మంలో నిలబడి. "ఏమండీ, ఊళ్ళోవాళ్ళు తిప్పి పంపినవన్నీ మేపడానికి మనిల్లే దొరికిందా?" అంటూ కుక్కనీ ఆడపడుచునీ ఒకే చూపు చూసింది.

వడ్రంగి సంచీ తీశాడు.

"దాన్ని తిరిగివ్వకన్నయ్యా. ఇంకా తగ్గడానికి దాని దగ్గరేం లేదు."

"సరిపడని చెక్కని ఏం చేస్తాం మరి?"

"సరిపడనిది కుక్క కాదు. నువ్వు కొలిచిన తీరు."

ఇన్నేళ్ళలో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తోడు తోడని తెగ చెప్పావు కదా," అన్నాడు. "అయితే నువ్వూ పద."

షెడ్డులో బల్ల మీద ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాడు.

"మనుషుల్ని మేం తీసుకోం నాయనా," అంది పెద్దావిడ.

"మనిషి కొలత ఇదేనా?" అని గుమ్మం దాటాడు. వెనక్కి తిరగలేదు. కుక్క మెడపట్టీ బల్ల మీద పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత రెండు చెప్పులు, ఒకదాని వెనక ఒకటి, నేల మీద పడ్డ చప్పుడు.

ఇంటికొచ్చి చెల్లెలి మంచం విప్పి ఆ చెక్కతో గూడు వెడల్పు చేశాడు. దొరగారు ఏడుపు మానేసింది. తిండి కూడా మానేసింది. ఇన్నేళ్ళూ దానికి ముద్ద పెట్టింది ఎవరో వడ్రంగికి అప్పుడు తెలిసింది. అతను ఎటు వెళితే అటు తిరిగి ఎదురుగా కూర్చునేది, వీపు మాత్రం చూపించేది కాదు. పదోరోజున గొలుసు వేసి షెడ్డుకి లాక్కెళ్ళాడు.

"ఈసారి రెండు జానలది కావాలి. గూడు పెంచాను."

పెద్దావిడ పుస్తకం తెరిచింది. "ఇదివరకు ఎన్నింటిని వాపసు చేశావు?"

"ఒకదాన్ని," అన్నాడు.

అరమీద అగ్గిపెట్టెలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

దొరగారి చెవులు నిక్కాయి. ఆవగింజ చిటపటలాడినట్టు ఒక అరుపు కూడా వినిపించింది. పెద్దావిడ అగ్గిపెట్టె దించి నేల మీద పెట్టింది. దొరగారు వాసన చూసింది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఆ లోపలివాళ్ళిద్దరూ దాని ముక్కులోకే పోయేవాళ్ళు. అది ఊపిరి బిగబట్టి, వెనక్కి తిరిగి, అగ్గిపెట్టెకి వీపు ఆనించి పడుకుంది. ముఖం వడ్రంగి వైపు.

"కుదిరింది," అంది పెద్దావిడ.

వడ్రంగి గొలుసు లాగాడు. తిట్టాడు. రెండు చేతులా లాగాడు. కొండని లాగినట్టే ఉంది. చివరికి గొలుసు కొక్కెం ఊడి చేతిలోకి వచ్చింది. పెద్దావిడ ఏదో రాయడం చూసి పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను వదలట్లేదు! చూస్తున్నారుగా, అదే నన్ను వద్దంటోంది!"

"అదే రాస్తున్నా నాయనా," అంది.

ఇంటికొచ్చి, ఛాతీ ఎత్తున తన చేత్తో బిగించుకున్న గడియ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి తలుపు చెక్కకి తగిలింది. గడియ గడ్డం ఎత్తున ఉంది. టేపు తీసి గుమ్మం దగ్గర్నుంచి కొలిచాడు. నలభై నాలుగు అంగుళాలు. ఒక్క అంగుళం మారలేదు.

తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. పెళ్ళాం అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. వెనక్కి తిరిగి, లోపలి గదిలో ఉన్న మంచాన్ని చూసింది. మళ్ళీ అతన్ని చూసింది.

"రంపం ఎక్కడ పెట్టావు?" అంది.