కింద ఫైర్ స్టేషన్, పైన లైబ్రరీ

పొద్దున్నే ఆఫీసుకొచ్చి, టీ తాగి, నిన్న గీసిన ప్లానులోకి ఎవరెవరు వచ్చారో చూసుకోవడం ఆ ఆర్కిటెక్టుకు రోజూ ఉండే పనే. రేపు ఆ భవనంలో తిరగబోయేవాళ్లంతా తెల్లారేసరికి చీమలంతేసి మనుషులై కాగితం మీదికి వచ్చేస్తారు. వాళ్లు తోసుకునేచోట తలుపు వెడల్పు చేయాలి. ఏ ఆఫీసులోనైనా అంతే.

ఈసారి పని మాత్రం పెద్ద తలనొప్పి. స్థలం ఒక్కటే, అడిగింది రెండు. కింద ఫైర్ స్టేషన్, పైన లైబ్రరీ. కిందవాళ్లకు సైరన్ మోగాలి, పైవాళ్లకు చిటుక్కుమన్నా పనికిరాదు. నానా తంటాలు పడి, మధ్యలో మందపాటి శ్లాబు వేసి ఇద్దరికీ సంధి కుదిర్చింది.

మర్నాడు ప్లానులో కింద ఫైర్‌మెన్ బూట్లు తొడుక్కుంటున్నారు, పైన పిల్లలు పుస్తకాలు లాక్కుంటున్నారు. అందరూ ఉన్నారు, ఆవిడ తమ్ముడు తప్ప. వాడూ ఫైర్‌మనే, ఈ స్టేషన్‌కే రావాల్సినవాడు. భూతద్దం పెట్టి వెతికినా కనిపించలేదు. ప్లానులోకి రాలేదంటే అప్పటికి వాడు బతికి ఉండడనే అనుకుంది ఆవిడ.

"ఆ ఉద్యోగం మానెయ్యరా," అని ఇంటికెళ్లి బతిమాలింది.

"నేను మానేస్తే మంటలు మానేస్తాయా అక్కా?" అని వాడు నవ్వేశాడు.

ఆవిడకు తిండి సయించలేదు. గదులు మార్చింది, గోడలు జరిపింది. వాడు రాలేదు. ఓ రోజు ప్లానులో మెట్ల దగ్గర ఒక ముసలాయన చేతికర్రతో పైకి చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రమైనా కదల్లేదు. అప్పుడు తట్టింది ఆవిడకు. లిఫ్టును ఖర్చెక్కువని ప్రభుత్వంవాళ్లు ముందే కొట్టేశారు, తను ర్యాంపు పెట్టడం మరిచిపోయింది. ఇన్నేళ్ల అనుభవముండి ఎంత పొరపాటు! తనను తాను తిట్టుకుంటూ ర్యాంపు గీసింది.

మర్నాటికి ముసలాయన పైన పేపరు చదువుకుంటున్నాడు. పుస్తకాలిచ్చే బల్ల వెనక, చక్రాల కుర్చీలో, తమ్ముడున్నాడు.

చచ్చిపోలేదు వాడు. మెట్లెక్కలేకపోయాడు, అంతే. ఆవిడ సంతోషంతో ఏడ్చింది. తర్వాత ఆ కుర్చీని చూసి ఏడ్చింది.

"ఈ ర్యాంపు నా గదిని సగం తినేసిందమ్మా. తీసెయ్యండి," అన్నాడు ప్లాను చూసిన ఫైర్ స్టేషన్ అధికారి.

"ర్యాంపు పోతే నేనూ పోతాను సార్," అంది ఆవిడ.

ఆయన గొణుక్కుంటూ సంతకం పెట్టాడు.

సాయంత్రం అక్కను ఇంటికి తీసుకెళ్లడానికి గబగబా మెట్లెక్కి వచ్చిన తమ్ముడు, కుర్చీలో ఉన్న తనను భూతద్దంలోంచి చాలాసేపు చూసుకున్నాడు.

"నాకు పుస్తకాలంటే పడదు కదక్కా," అన్నాడు చివరికి.

"అలవాటు చేసుకో," అంది ఆవిడ, ర్యాంపు పెన్సిల్ గీత మీద ఇంకు దిద్దుతూ.