ఎడమవైపు తెరుచుకునే గీత

రైలు భీమడోలు దాటేసరికి షాకిర్ సీట్లోంచి లేచి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తాడేపల్లిగూడెం ఇంకా చాలా దూరం. అయినా రోజూ అక్కడే లేస్తాడు, ఎదురుసీటు వాళ్లు మాటలు కలుపుతారన్న భయంతో. ఏలూరులో ఎక్కి, గూడెంలో దిగి, సాయంత్రం మళ్లీ అదే దారిన వెనక్కి వెళ్లే ఈ మనిషికి ఇన్నేళ్లలో రైల్లో ఒక్క స్నేహితుడు లేడు. కావాలనుకోలేదు కూడా.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు. బోర్డు మీదికి చెయ్యి ఎత్తీ ఎత్తీ కుడి భుజం ఎడమదానికన్నా కాస్త పైకి లేచిపోయింది. కుడిచేతి గోళ్ల సందుల్లో సుద్దపొడి ఎంత కడిగినా పోదు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ సెకండియర్‌కు లెక్కలు చెబుతాడు. చెబుతాడనడం మర్యాద కోసం. నిజానికి పిల్లల మీద విరుచుకుపడతాడు.

తండ్రి తంగెళ్లమూడిలో తివాచీలు నేసేవాడు. పువ్వయినా తీగయినా ముందు గళ్ల కాగితం మీద వేసుకోవాలి, ఒక్కో గడికి ఒక్కో ముడి. దగ్గరికెళ్లి చూస్తే ఏ వంపూ వంపు కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్లు చూస్తే చిన్నప్పుడే షాకిర్‌కు ఒళ్లు మండేది. కాలేజీలో ఒక మాస్టారు చెయ్యి ఆపకుండా ఒక్క ఊపులో బోర్డు మీద పారబోలా గీస్తే, అది చూసి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు నుంచి అతనికి ఇష్టమైనది లోకంలో అదొక్కటే. భార్య నజ్నీన్‌కు కూడా ఈ సంగతి తెలుసు. ఆవిడ దాని మీద కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేసింది.

స్టాఫ్ రూములో అడుగుపెట్టగానే డీన్ బుచ్చిబాబు ఎదురొచ్చాడు. ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పేవాడు, ఇప్పుడు ఫోన్లు మాట్లాడతాడు.

"మాస్టారూ, మీరంటే మాకు గౌరవమేనండీ. కానీ ఇలా గ్రాఫులు గీసుకుంటా కూర్చుంటే సిలబస్ ఎప్పటికవుద్దండీ? ఎంట్రన్సులో బొమ్మెయ్యమని ఎవడడుగుతాడు చెప్పండి? ఇయ్యాళ నేనొచ్చి వెనకాల కూర్చుంటాను. క్లాసు బాగుందా, సరే. లేదంటే ఈ సెక్షన్ చరణ్‌తేజకి ఇచ్చేద్దాం. అతనైతే డిజిటల్ బోర్డు మీద గబగబా లాగించేస్తాడు."

"మరి నేనండీ?"

"మీకు హాస్టల్లో స్టడీ అవర్ ఉందిగా. హాయిగా కూర్చోవచ్చండీ."

హాయిగా కూర్చోవడమంటే పిల్లలు బట్టీ పడుతుంటే కాపలా కాయడం. అక్కడ బోర్డు ఉండదు. బోర్డు లేని రోజు ఎలా గడుస్తుందో షాకిర్ ఊహకు అందలేదు. చరణ్‌తేజ నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు, చేత్తో సున్నా చుట్టమంటే కోడిగుడ్డు చుడతాడు. వాడికా నా సెక్షన్! మొహం మాడ్చుకుని క్లాసుకు నడిచాడు.

ఆ గదిలో అతను పెట్టిన చట్టం ఒకటుంది. గీత పూర్తిచేసి తాను వెనక్కి తిరిగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే సుద్దముక్క వచ్చి తగులుతుంది. దాని వెనకాలే మాట వస్తుంది. సుద్దముక్కే నయం.

ఆ మాట తిన్నవాళ్లలో సలోమి ఒకతి. కొల్లేటి లంకలోంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మొదట్లో ఆమె పారబోలా బిందువులన్నీ సరిగ్గా పెట్టి, వాటిని స్కేలుతో కలిపింది. షాకిర్ ఆ కాగితం పైకెత్తి క్లాసంతటికీ చూపించాడు. "ఇది పారబోలా కాదమ్మా, రేకుల షెడ్డు. మీ నాన్నకిచ్చెయ్యి. చేపల చెరువు గట్టు మీద వేసుకుంటాడు." అందరూ ఘొల్లున నవ్వారు. సలోమి నవ్వలేదు, ఏడవలేదు. ఆ రోజు నుంచి వంపు గీయడానికి స్కేలు ముట్టుకోలేదు. ఇప్పుడామె గీత షాకిర్ గీతకు ఏమాత్రం తీసిపోదు. ఆ సంగతి అతను గమనించాడు కానీ పైకి అనలేదు. మెచ్చుకుంటే చెడిపోతారని అతని నమ్మకం.

బుచ్చిబాబు వచ్చి ఆఖరి బెంచీలో కూలబడి ఫోన్ తీశాడు. షాకిర్ బోర్డు మీద సమీకరణం రాశాడు.

(y − 2)² = −8(x + 1)

ఎనిమిదికి ముందు మైనస్ ఉంది కాబట్టి ఈ పారబోలా ఎడమవైపు తెరుచుకోవాలి. ఇదే సంగతి అతను ఈ గదిలో ఎన్నిసార్లు అరిచాడో లెక్కలేదు. "మైనస్ కనపడగానే ఎడం పక్కకి తిరగండ్రా, మొద్దుల్లారా!" అంటూ డస్టర్‌తో బల్ల మీద కొట్టి మరీ చెప్పాడు.

అక్షాలు గీశాడు. మైనస్ ఒకటి, రెండు దగ్గర చుక్క పెట్టాడు. అది శీర్షం. చుక్క మీద సుద్దముక్క ఆనించి ఒక్క క్షణం ఆగాడు. వెనక బుచ్చిబాబు ఫోన్ టింగుమంది. నవ్వుతున్నాడా? చరణ్‌తేజకే మెసేజ్ పెడుతున్నాడా? పెట్టుకోనీ. గీత అంటే ఏమిటో ఇవాళ చూపిస్తాను వీళ్లకు. పళ్లు బిగించి చెయ్యి లాగాడు. పైకొక వంపు, కిందికొక వంపు, ఎక్కడా తొణకలేదు, తెగలేదు. నాభి పెట్టాడు. నియతరేఖ గీశాడు. ఇంత అందమైన గీత ఈ మధ్యకాలంలో అతని చేతిలోంచి రాలేదు.

గీసింది మాత్రం కుడివైపుకు.

సలోమి పెన్ను ఆగిపోయింది. పక్కనున్న వీరదుర్గ మోచేత్తో పొడిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలో తలలు కదిలాయి, తరువాత దాని వెనక, ఆ వెనక. గాలికి చేను కదిలినట్టు కదిలి, మళ్లీ నిలబడిపోయాయి. ఒక్కరూ కిక్కురుమనలేదు. అందరూ తలలు వంచి, బోర్డు మీదున్నది ఉన్నట్టుగా పుస్తకాల్లో దింపుకున్నారు.

షాకిర్ తిరిగాడు. "డౌట్లేమైనా ఉన్నాయా?"

ఎవరికీ లేవు.

బుచ్చిబాబు మురిసిపోతూ లేచాడు. "ఇంత సైలెంటుగా ఏ క్లాసూ చూళ్లేదండీ, మాస్టారూ! పిన్ డ్రాప్! ఈ సెక్షన్ మీకే ఉంచేస్తున్నాను. ఇంక దిగులు పెట్టుకోకండి."

షాకిర్ అతన్ని గుమ్మం దాకా సాగనంపాడు. గుండెల మీంచి బరువు దిగింది. గెలిచాననుకుంటూ వెనక్కి తిరిగాడు. అప్పుడు, పిల్లలు చూసినంత దూరంనుంచి, బోర్డు కనిపించింది.

కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు.

"ఇది తప్పని ఎంతమందికి తెలుసు?"

ముందు వీరదుర్గ చెయ్యెత్తింది. తరువాత కిటికీ పక్కవాళ్లు. తరువాత చేతులు వరసగా లేచాయి. ఎందుకూ పనికిరారని అతను ఏనాడో వదిలేసిన ఆఖరి బెంచీ కుర్రాళ్లు కూడా ఎత్తారు. దించి ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు.

మొదట అతనికి కలిగింది సంతోషం. దాచుకుంటే దాగే సంతోషం కాదు. అందరికీ వచ్చేసింది! మైనస్ ఉంటే ఎటు తిరగాలో ఈ గదిలో తెలియనివాడు లేడు. ఏ డిజిటల్ బోర్డూ ఇంత పని చెయ్యలేదు. ఆ వెంటనే మిగతాది అర్థమైంది.

"సలోమీ, ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె లేచి నిలబడింది. "మీరు తిరిగేదాకా నోరు తెరవద్దన్నారు కదండీ."

"తిరిగాను కదా. అడిగాను కదా."

సలోమి మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూసింది. "భయమై కాదండీ. చెప్పాలనిపించలేదండీ."

గొంతులో పొగరు లేదు, ఎత్తిపొడుపు లేదు. అడిగితే ఉన్నమాట చెప్పింది. ఎవరైనా నవ్వుతారేమోనని షాకిర్ ఎదురుచూశాడు. నవ్వితే బాగుండుననిపించింది. ఎవరూ నవ్వలేదు.

బోర్డు తుడవకుండానే బయటికి నడిచాడు. డీన్ గది ముందు ఆగి, లోపలికి వెళ్లకుండా గుమ్మంలోంచే అన్నాడు. "ఆ సెక్షన్ చరణ్‌తేజకి ఇచ్చెయ్యండి."

"అదేంటండీ! ఇప్పుడే కదా మీకే అన్నాను?"

"ఇచ్చెయ్యండి. ఆ స్టడీ అవర్ కూడా నాకొద్దండీ."

బుచ్చిబాబు ఇంకేదో అడగబోతుంటే ఫోన్ మోగింది. అతను మాట్లాడి తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. మధ్యాహ్నం బండికి షాకిర్ ఏలూరు వెళ్లిపోయాడు. ఆ కాలేజీకి మళ్లీ రాలేదు.

భోజనాలయ్యాక చరణ్‌తేజ నవ్వుతూ క్లాసుకు వచ్చాడు. బోర్డు మీద ఉన్నదేమిటో చూడకుండానే దానిమీదికి తెర దించేశాడు. "పారబోలా అయిపోయింది కదమ్మా, ఎలిప్స్‌కి వెళ్లిపోదాం," అన్నాడు. మీట నొక్కగానే తెర మీద నీలంరంగు ఎలిప్స్ ప్రత్యక్షమైంది. ఎవరూ గీయలేదు, ఊరికే వచ్చేసింది. గుర్తులు పెట్టే పెన్ను కనపడక, బల్ల సొరుగులో ఉందేమో చూడమని ముందు బెంచీ వైపు చెయ్యి చూపించాడు. సలోమి లేచి సొరుగు లాగింది.

అందులో రెండు మేకులు, కొసలు కలిపి ముడివేసిన పురికొస, విరవని సుద్దముక్క ఒకటి ఉన్నాయి. మేకులు రెండూ బోర్డుకు దిగ్గొట్టి, వాటి చుట్టూ పురికొస వేసి, సుద్దముక్కతో దాన్ని బిగలాగి పట్టి ఒక్క చుట్టు తిప్పితే ఎలిప్స్ తనంతట తనే వస్తుంది. అది షాకిర్ రేపు చెప్పాల్సిన పాఠం. ఆ సంగతి పిల్లలకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

సలోమి కాసేపు వాటినే చూసింది.

"పెన్ను లేదండీ," అని సొరుగు మూసి వెళ్లి కూర్చుంది. సరిగ్గా పడని సొరుగు సందులోంచి పురికొస కొంచెం బయటికి వేలాడుతూ ఉండిపోయింది.