తెగిన గీతలు

మా మామయ్య పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తాడు, నేను రంగులు వేస్తాను. ఆయన కాగితం మీద సిరాతో గీస్తే, ప్రచురణ ఆఫీసువాళ్లు స్కాన్ చేసి ఆ ఫైళ్లు నాకు పంపుతారు. కంప్యూటర్‌లో గీతల లేయర్, అంటే పొర, పైన ఉంటుంది, దాని కింద వేరే లేయర్ మీద నా రంగులు. మామయ్య గీతను నేను ముట్టుకోను. ముట్టుకుంటే ఊరుకోడు కూడా.

ఈసారి పుస్తకంతో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. గొడుగులో ఎరుపు నింపుదామని నొక్కితే పేజీ అంతా ఎర్రబడింది. చూస్తే గొడుగు అంచులో వెంట్రుకంత సందు. రంగు అందులోంచి బయటికి పాకింది. మరో బొమ్మలో పిల్లి వీపు తెగింది, ఇంకోదానిలో కుర్చీ కాలు. విడిగా ఒక లేయర్ పెట్టుకుని, కనిపించిన సందుకల్లా గుర్తు తెలిసేలా ఆకుపచ్చ అతుకు వేసుకుంటూ పోయాను.

ఆ సందులు ఎడిటరుగారి కంట్లోనూ పడ్డాయి. నాతో ఒక్క మాటైనా అనకుండా మామయ్యకు ఫోన్ చేసి, వయసు మీద పడింది కదా, తర్వాతి పుస్తకం వేరేవాళ్లకు ఇద్దామనుకుంటున్నాం అన్నారట. ఆ సంగతి మామయ్యే చెప్పాడు, వాన పడేలా ఉందన్నంత మామూలుగా.

"నువ్వేమన్నావ్?" అని అడిగాను.

"ఏమంటాను? సరేనన్నాను. చెయ్యి పట్టు తప్పిందేమోలేవే."

"ఇన్నేళ్లలో ఎడిటరు మాటకి ఒక్కసారైనా సరేనన్నావా నువ్వు?"

మామయ్య నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది. బొమ్మలు మానేస్తే ఈ మనిషి పొద్దున్నే లేచి ఏం చేస్తాడు?

మర్నాడు, కథలోని పాప గౌను రంగు అన్ని పేజీల్లో ఒకేలా ఉందో లేదో చూద్దామని బొమ్మలన్నీ ఒకే ఫైల్లో ఒకదాని మీద ఒకటి పెట్టాను. మధ్యలో గీతలూ రంగులూ కనబడకుండా చేస్తే అతుకుల లేయర్లే మిగిలాయి. ఆకుపచ్చ అతుకులన్నీ పైనుంచి కిందికి, స్కేలు పెట్టి కొట్టినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ఎంత పట్టు తప్పిన చెయ్యైనా అన్ని కాగితాల మీదా సరిగ్గా అక్కడే తప్పదు కదా!

ఒళ్లు మండిపోయి నేరుగా ఆఫీసుకు వెళ్లాను. బీరువాలోంచి అసలు కాగితాలు తీయించాను. గొడుగు నిక్షేపంగా ఉంది. పిల్లి వీపూ కుర్చీ కాలూ అంతే. స్కానర్ మూత ఎత్తితే అద్దం అంచున ఎండిపోయిన వైట్‌నర్ చుక్క. కాగితాలన్నీ ఆ అంచు మీదుగానే జారతాయి, దానివల్లే ప్రతి బొమ్మలోనూ నిలువునా సన్నటి తెల్లచార పడుతోంది.

ఎడిటరుగారు వంగి ఆ చుక్కను గోటితో గీకారు. "తర్వాతి పుస్తకం కూడా ఆయనదే. ఆ మాట మీరే చెప్పండమ్మా" అన్నారు.

"వద్దన్నది మీరు, రమ్మనేది నేనా?" అని మామయ్యకు ఫోన్ కలిపి ఎడిటరుగారి చేతిలో పెట్టాను.

సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని మామయ్య దగ్గరికి వెళ్లాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన గొడుగు అంచు మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా జరిపాడు.

"నేను గీసిందేగా. ఒక్కసారి వెళ్లి చూసుకుందామని కూడా తోచలేదే నాకు" అన్నాడు.

"ఇప్పుడు చూశావుగా. ఇక పని మొదలుపెట్టు."

కలం తీసుకుని తెల్ల కాగితం మీద ఒక గీత గీశాడు. చెయ్యి వణికింది. ఇద్దరం చూశాం.

"అంతకుముందు లేదే ఇది. నన్ను వద్దన్న ఆ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ మొదలైంది" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు.

"నీ మొహం, కాగితం తడుస్తుంది. దూరంగా ఏడు" అని కసురుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వెళ్లిపోకు. కాసేపు కూర్చో, ఇంకోటి గీస్తాను" అన్నాడు.