సొరుగులోని ముద్ర

యుయె-తావ్ వేడిగదిలో ఒక్కో కంప్యూటర్ సర్వరు దగ్గరా ఆగి ఫ్యాన్ల హోరు వింటోంది. తావోయువాన్ ఫ్యాక్టరీలో తయారైన కొత్త యంత్రం ఏదైనా ఈ ఉక్కలో రెండు రోజులు ఊపిరాడకుండా పనిచేయాల్సిందే. చెడిపోయేదేదో ఇక్కడే చెడిపోవాలి, కొన్నవాళ్ల దగ్గర కాదు. నుదుటికి అంటుకుపోయిన పొట్టి జుట్టు, ముంజేతుల నిండా చెమటకాయలు. ఆమె సగం జీవితం ఇక్కడే ఉడికిపోయింది. పెళ్లిచూపులకీ చెమట కంపుతోనే వెళ్లిందని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. "అందుకే పాపం పెళ్లికొడుకు బతికిపోయాడు" అని ఆమే ముందు నవ్వుతుంది.

ఆ ఉదయం ఆసుపత్రికి వెళ్లాల్సిన సర్వరు రెండుసార్లు ఆగిపోయింది. పంపడానికి వీల్లేదని లైన్ లీడర్ చెంగ్-హాన్‌కి చెప్పి ఆమె అన్నానికి వెళ్లింది. స్క్రూ బిగించడం కూడా రాని రోజుల్లో అతనికి పని నేర్పింది ఆమే. ఇక్కడ సంతకమంటే పేరు చెక్కిన ముద్ర. కాగితాలు ఆగకూడదని, బయటికి వెళ్లేవాళ్లు దాన్ని నమ్మినవాళ్ల దగ్గర వదిలి వెళతారు. ఆమెది ఎప్పుడూ చెంగ్-హాన్ సొరుగులోనే ఉంటుంది.

తిరిగొచ్చేసరికి గది చల్లగా ఉంది. ఆసుపత్రి సర్వరు చోటు ఖాళీ.

"చెంగ్! గదిలో వేడి ఎవరు తగ్గించార్రా?"

"నేనే అక్కా. చల్లబరిస్తే బుద్ధిగా నడిచింది. లారీ కూడా వెళ్లిపోయింది."

"పాసైందని ముద్ర ఎవరేశారు?"

అతను గుడ్డు వలుస్తూ తల ఎత్తలేదు. "నీదే వేశా. నాది వేస్తే, రేపేదైనా అయితే నా ఉద్యోగం పోతుంది. నీకేం, పిల్లా పీచూ లేరుగా!"



"ఆసుపత్రిలో మంచాల మీదున్నవాళ్లకి కూడా లేరట్రా?"

తిన్నగా మేనేజరు గదికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన ఫోన్ చేసి లారీని వెనక్కి రప్పించాడు. తర్వాత చెంగ్-హాన్‌ని పిలిచి ముద్ర ఎవరు వేశారని అడిగాడు.

"నాకేం తెలీదు సార్. ముద్ర అక్కదే కదా."

ఆమె అతని వంక చూసింది. అతను కిటికీ వంక చూస్తున్నాడు. అన్నం పంచుకున్నవాడే గొంతు కోశాడని ఆ క్షణాన అర్థమైంది. వాదించబుద్ధి కాలేదు. ముద్ర ఎవరిదో తప్పు వాళ్లదే అన్నాడు మేనేజరు.

సాయంత్రం ఆమె ఎవరికీ చెప్పకుండా, మళ్లీ రాకూడదనుకుని గేటు దాటింది.

వేడిగది తలుపు వెనక మేకుకి ఆమె తువాలు వేలాడుతూనే ఉంది. గది చల్లబడిన ఆ మధ్యాహ్నం దానితో చెమట తుడుచుకునే అవసరమే రాలేదు.